బొమ్మ మొహాన పసుపుముద్ద

అలిపిరి నుంచి తిరుమలకి నడిచెక్కి వచ్చినావిడని దారిలో ఏం చూశారని అడగండి. "3550 మెట్లండీ! అన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టాను" అంటుంది. మరి బొమ్మలో? మెట్ల మొదట్లోనే సాష్టాంగపడ్డ దాసరి రాతిబొమ్మ, దారి పొడుగునా దశావతారాలు, ఏడోమైలు దగ్గర అంతెత్తు ఆంజనేయుడు! చూస్తేగా?

మెట్లకి మొక్కుకుంటే పెట్టండి, కాదనను. నేనూ పెట్టినదాన్నే. కాని ఆ చెయ్యి బొమ్మ మొహం మీదికెందుకు పోవాలి? శిల్పి ఉలితో తీర్చిన కనుముక్కు తీరంతా పసుపుముద్ద కింద మాయం. దాని పక్కనే కర్పూరం. ఆ మసి రాతికి పట్టాక మన పొయ్యిగట్టులా రుద్ది కడగ్గలమా?

కిందటిసారి గాలిగోపురం దగ్గర ఓ రాతిబొమ్మకి బొట్టు పెట్టబోతుంటే మా చిన్నది "ఇదెవరమ్మా?" అంది. ఎంత చూసినా చేతిలోది శంఖమో, పువ్వో పోల్చుకోలేకపోయాను.

"దేవుడే" అన్నాను.

"ఏ దేవుడు?"

కుంకుమ భరిణె మూత పెట్టేశాను. "బొట్టు లేని మొహమేమిటే!" అని మా అత్తగారు ఇప్పటికీ సణుగుతూనే ఉన్నారు.