తాత వేషం

అమెరికా స్కూళ్ళలో లాటిన్ చదివే పిల్లలు ఏడాదికోసారి దుప్పట్లు టోగాల్లా చుట్టుకుని రోమన్ విందు చేసుకుంటారు. తలమీద ఆకుల కిరీటం, చేతిలో ద్రాక్షగుత్తి. వాళ్ళ జూనియర్ క్లాసికల్ లీగ్ పుట్టింది 1936లో, కాబట్టి ఇది నిన్నమొన్నటి సరదా కాదు. కొన్ని బడుల్లో కొత్తగా చేరిన పిల్లల్ని ‘బానిసలు’గా వేలం వేసే ఆట కూడా ఆడారు. దానిమీద విమర్శలొచ్చాయి, రావాల్సిందే. కానీ ఒక మాట ఒప్పుకోవాలి: టోగా కట్టుకుని పనికిపోయే మనిషి ఇప్పుడు లోకంలో లేడు.

మా తొర్రూరు సంగతి అట్లా కాదు. ఇక్కడి ఇంగ్లీషు మీడియం బడుల్లో ‘ట్రెడిషనల్ డే’ చేస్తారు. మా అక్క కొడుక్కి బడినుంచి వాట్సాప్‌లో జాబితా వచ్చింది: రైతు వేషం, పంచె, తలపాగా, గొంగడి, అట్టముక్క నాగలి, పెట్టుడు మీసం. ఆ పూట వాడి తాత పత్తిచేన్ల ఉన్నడు, అదే పంచెతో, అదే తలపాగాతో. ఆయన బడికి రావాల్సొస్తే మాత్రం ప్యాంటు వేసుకొమ్మంటారు. మనవడు కడితే సంస్కృతి, తాత కడితే నామోషీ. బతికున్న మనిషిని వేషం చేశారంటే, చచ్చినోళ్ళ లెక్కలో రాసేశారనే గదా!

తిండీ అంతే. సద్దులు, మలీద, సత్తుపిండి స్టాలు మీద పేర్చి, ముందు ఇంగ్లీషులో పేర్ల చీటీలు పెడతారు. సద్దులంటే బతుకమ్మ ఆడినంక చెరువుగట్టున చేతులు మారాల్సినవి. వాటికి చీటీలేంటి?

లాటిన్ పిల్లలు విందు సంగతెట్లున్నా ఏడాదంతా విభక్తులతో కుస్తీపడతారు. మన పిల్లలకు ఏడాదంతా తెలుగు మాట్లాడితే ఫైను. 2018 చట్టం పదో తరగతిదాకా తెలుగు చెప్పాలంటుంది. చెప్తున్నారు, ఒక పీరియడు. ఇంటర్‌కు రాగానే మార్కుల కోసం సంస్కృతం. జానుతెనుగు కోసం పట్టుబట్టిన పాల్కురికి సోమనాథుడిది మా పక్కనున్న పాలకుర్తే. ఆయన వేషంలో ఓ పిల్లాడు స్టేజీ ఎక్కి ‘ఐయామ్ పాల్కురికి సోమనాథ’ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకైతే చేతులు రాలేదు.

బడి పెద్దలారా, ఆ తాతను పంచెతోనే పిలవండి. స్టేజీ మీదికి కాదు, క్లాసులోకి. కూర్చోడానికి కుర్చీ వేయండి. పత్తికి గులాబీరంగు పురుగు ఎట్ల పడుతదో ఆయన చెప్తాడు, పిల్లలు వాళ్ళ భాషలోనే ప్రశ్నలడుగుతారు. ఆ గంటసేపైనా ఎవరికీ ఫైను వేయకండి.