తీర్మానం: మానవశాస్త్రం చదవగోరే విద్యార్థులకు తోడ్పాటు గురించి

సికింద్రాబాద్, బోయిగూడ బస్తీవాసుల సంఘం సర్వసభ్య సమావేశం చర్చించి ఆమోదించిన తీర్మానం.

డిగ్రీ అయిన మన పిల్లలు ఎం.ఏ. ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం)లో చేరతామంటే “అది చదివి ఏం జేస్తవ్?” అన్నదే ఇంట్లో మొదటి మాట అవుతున్నందున,

1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కొమరం భీం నేలకొరిగాక, గోండుల గోస తెలుసుకునే పనిని నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తకే అప్పగించినందున. ఆయన మార్లవాయిలో వారి నడుమే కాపురముండి చేసిన కృషివల్ల గోండు యువకులకు అక్కడే పంతుళ్ల శిక్షణ, ఎన్నో కుటుంబాలకు భూమి పట్టాలు దక్కినందున. మనకు దగ్గరలోని శామీర్‌పేటను ఉస్మానియా అధ్యాపకుడు ఎస్.సి. దూబే అధ్యయనం చేసి రాసిన ‘ఇండియన్ విలేజ్’ 1955లో వెలువడి ఆ ఊరిని ప్రపంచానికి పరిచయం చేసినందున,

ఈ చదువుకు భారత మానవశాస్త్ర సర్వేలో, గిరిజన సంక్షేమంలో, మ్యూజియాల్లో, ప్రజారోగ్య పరిశోధనల్లో కొలువులు ఉన్నందున. మెట్‌పల్లి వాసి దురిశెట్టి అనుదీప్ ఇదే ఆప్షనల్‌తో 2017 సివిల్స్‌లో దేశంలోనే ప్రథముడిగా నిలిచినందున (ఆ పేరు చెప్పి పిల్లలను కోచింగ్ సెంటర్లకు తరమడం ఈ సమావేశం ఉద్దేశం కాదు),

అన్నిటికీ మించి, 2022 మార్చి 23 తెల్లవారుజామున మన బోయిగూడ తుక్కు గోదాములో మంటలు రేగి బీహార్ కార్మికులు 11 మంది చనిపోయినందున. వారు ఏ ఊరివారో, ఎందుకు వలస వచ్చారో, రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటున్నారో పక్కనే ఉన్న మనం అంతకుముందు ఎన్నడూ అడగనందున. అడగడం, విన్నది ఉన్నదున్నట్టు రాయడం నేర్పేది ఈ శాస్త్రమే అయినందున,

ఈ సమావేశం తీర్మానించినది ఏమనగా: ఈ కోర్సుకు దరఖాస్తు చేసే బస్తీ విద్యార్థుల ప్రవేశ పరీక్ష ఫీజును సంఘం నిధి నుంచి చెల్లించాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ మానవశాస్త్ర శాఖ అధ్యాపకులను పిలిపించి తల్లిదండ్రులతో మాట్లాడించాలి. కలప డిపోలు, గోదాముల్లో పనిచేసే వలస కార్మికుల బతుకుతెరువుపై విద్యార్థులు అధ్యయనం చేపట్టాలి. కార్మికులు ఒప్పుకుంటేనే మాట్లాడాలి; వారి పేర్లు ఎక్కడా రాయరాదు; యజమాని ఎదుట ప్రశ్నలు వేయరాదు.

ఇంజినీరింగ్‌లో ఉన్నన్ని ఉద్యోగాలు ఇందులో లేవని ఇద్దరు సభ్యులు అభ్యంతరం తెలిపారు. అది నిజమే కనుక మినిట్స్‌లో నమోదు చేయడమైనది. మిగిలినవారందరి ఆమోదంతో తీర్మానం నెగ్గింది. దీని ప్రతిని హిందీలోకి తర్జుమా చేయించి గోదాముల వద్ద కార్మికులకు చదివి వినిపించే బాధ్యత కార్యదర్శికి అప్పగించడమైనది.