అందం కోసం ఆపరేషన్: చాటుగా కాదు, మష్వరాతో

ఇటీవల ఒక జుమా నమాజు ముగిశాక నరసరావుపేటలో మసీదు మెట్ల దగ్గర ఒక యువకుడు మమ్మల్ని ఆపాడు. చిన్నప్పుడు మా దగ్గర నాజిరా చదువుకున్న పిల్లవాడే. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. నికాహ్ కుదిరింది. "ఉస్తాద్, పళ్లు బాగు చేయించుకోవాలని ఉంది. జాయిజేనా?" అని అడిగాడు. అతను బొల్లాపల్లి వైపు పల్లెలో బోరు నీళ్లు తాగి పెరిగినవాడు. ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు ఉన్నాయి. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు అతనికి చిన్ననాటి నుంచీ ఉంది.

"ఇంట్లో చెప్పావా?" అని అడిగాం. తల వంచుకున్నాడు. "అబ్బాకు చెబితే ఎగతాళి చేస్తారు. అమ్మీ భయపడుతుంది. అడ్వాన్సు కట్టేశాను, వచ్చే శనివారం రమ్మన్నారు" అన్నాడు.

జాయిజా, నాజాయిజా అన్న ప్రశ్నకంటే ఈ రెండో మాటే మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టింది. ఎందుకో పాఠకులకు వివరించడం మా బాధ్యత అనుకుంటున్నాం.

మూడు సంఘటనలు, ఒక పాఠం

2001లో 'నువ్వు నాకు నచ్చావ్' చిత్రంతో తెలుగువారికి పరిచయమైన నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో మరణించారు. అప్పటికి ఆమె వయసు 31 ఏళ్లే. చనిపోవడానికి కొన్ని వారాల ముందు ఆమె ఒంట్లోని కొవ్వు తీయించుకునే లైపోసక్షన్ ఆపరేషన్ చేయించుకున్నారనీ, ఆ తర్వాత ఊపిరి తీసుకోవడానికి ఇబ్బంది పడ్డారనీ అప్పట్లో పత్రికలు రాశాయి. హైదరాబాదులో ఒక డాక్టరు ఈ ఆపరేషన్ వద్దని చెప్పినట్లు కూడా వార్తలు వచ్చాయి. ఆమె మరణానికి ఆపరేషనే కారణమని తీర్పు చెప్పడం మా పని కాదు. అయితే లైపోసక్షన్ బరువు తగ్గించే వైద్యం కాదనీ, కొవ్వు తునకలు గానీ రక్తపు గడ్డలు గానీ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుందనీ వైద్యశాస్త్రం చెబుతున్న సంగతి మాత్రం అందరూ తెలుసుకోవాలి.

2016 ఏప్రిల్‌లో హైదరాబాదులో ఒక యువ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఎత్తు పెరగడానికి రెండు కాళ్ల ఎముకలు కోయించుకున్నాడు. అతను పొట్టివాడేమీ కాదు, అయిదడుగుల ఏడంగుళాల మనిషి. కొడుకు కనిపించడం లేదని తల్లిదండ్రులు వెతుక్కుంటూ పోతే చివరికి ఆసుపత్రి మంచం మీద కనిపించాడు. ఆ ఆపరేషన్ ఏమిటో తెలుసా? ఎముకను కోసి, లోపల కడ్డీ అమర్చి, రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున ఆ ఎడాన్ని పెంచుతూ పోతారు. కొత్త ఎముక గట్టిపడటానికి నెలలు పడుతుంది. అంతకాలం నొప్పి, మంచం, ఇతరుల ఆసరా తప్పవు. పుట్టుకతో ఒక కాలు పొట్టిగా ఉన్నవారికి ఇది వరం. ఆరోగ్యంగా నడుస్తున్నవాడికి మాత్రం కొనితెచ్చుకున్న కష్టమే.

2024 ఫిబ్రవరి 16న హైదరాబాదు జూబ్లీహిల్స్‌లోని ఒక దంత వైద్యశాలలో 'స్మైల్ డిజైనింగ్' చేయించుకుంటూ 28 ఏళ్ల యువకుడు స్పృహ కోల్పోయి మరణించాడు. అప్పుడే నిశ్చితార్థం అయింది, పెళ్లి దగ్గరలో ఉంది. మత్తుమందు ఎక్కువైందని తండ్రి ఆరోపించారు, పోలీసులు కేసు పెట్టారు. ఈ చికిత్స గురించి కొడుకు తమకు చెప్పనే లేదని తండ్రి అన్నారు. ఆసుపత్రి నుంచి ఫోను వచ్చాకే ఆయనకు తెలిసింది.

తర్వాతి రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరూ చదువుకున్న యువకులు, సంపాదనపరులు. ఇద్దరూ ఇంట్లో చెప్పకుండా వెళ్లినవారే. మా శిష్యుడు కూడా సరిగ్గా అదే దారిలో నిలబడి ఉన్నాడు.

షరీఅత్ ఏమంటుంది?

కొందరు పెద్దలు ఈ విషయం ఎత్తగానే 'హరామ్' అని ఒక్క మాటతో తలుపు మూసేస్తారు. ఇది సరైన పద్ధతి కాదు. అందం కోసం పళ్ల మధ్య సందులు చేయించుకుని అల్లాహ్ సృష్టిని మార్చే వారిని దైవప్రవక్త (స) శపించారన్న హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న మాట నిజమే. కానీ అబూదావూద్, తిర్మిజీలలో మరో ఉదంతం కూడా ఉంది. అర్‌ఫజా (రజి) అనే సహాబీ ఇస్లాంకు పూర్వం కులాబ్ యుద్ధంలో ముక్కు కోల్పోయారు. వెండి ముక్కు పెట్టుకుంటే అది దుర్వాసన వచ్చింది. అప్పుడు దైవప్రవక్త (స) బంగారంతో చేయించుకోమన్నారు. పురుషులకు బంగారం నిషిద్ధమని మనందరికీ తెలుసు. అయినా పోగొట్టుకున్న రూపాన్ని తిరిగి పొందడానికి దానిని అనుమతించారు. ఇంతకంటే స్పష్టమైన ఆధారం ఏం కావాలి?

2007 జులైలో మలేషియాలోని పుత్రజయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ ఇదే తేడాను వివరించింది. పుట్టుకతో వచ్చిన లోపాన్ని, కాలిన గాయాల, ప్రమాదాల, జబ్బుల మచ్చలను సరిదిద్దడం ధర్మసమ్మతమని చెప్పింది. మనసును గానీ ఒంటిని గానీ బాధిస్తున్న వికారాన్ని తొలగించుకోవడానికీ అనుమతి ఉందన్నది. సరిగా ఉన్న ముఖాన్ని మరొకరిలా కనిపించాలన్న కోరికతో మార్చుకోవడాన్ని కాదన్నది. అంతేకాదు, డాక్టరు అర్హుడై ఉండాలనీ, రాగల ముప్పులను రోగికి ముందే చెప్పాలనీ, అంతకంటే తక్కువ హాని గల మార్గం మరొకటి ఉండకూడదనీ షరతులు పెట్టింది. అంటే 'చేయించుకోవచ్చా?' అన్న ప్రశ్నతోపాటే 'ఎవరి చేత? ఎంత తెలుసుకుని?' అన్న ప్రశ్నలు కూడా ధర్మంలో భాగమే.

మన పల్నాటి మాట

మన ప్రాంతంలో దీన్ని పట్నం షోకు అని కొట్టిపారేయడానికి వీల్లేదు. సాగర్ కుడి కాలువ మన గడ్డ మీదుగానే పారుతున్నా, వినుకొండ, బొల్లాపల్లి వైపు మెట్ట గ్రామాలు ఏళ్ల తరబడి ఫ్లోరైడు బోరు నీళ్లు తాగాయి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడు ఉండరాదన్నది మన దేశంలో తాగునీటి ప్రమాణం. పళ్లు రూపుదిద్దుకునే వయసులో, అంటే ఎనిమిదేళ్ల లోపు ఆ నీళ్లు తాగిన పిల్లలకు ఆ మచ్చ జీవితాంతం ఉంటుంది. ఇది వాళ్ల తప్పా? పొయ్యి మంటల్లో కాలి మెడ, చేతుల చర్మం ముడుచుకుపోయిన ఆడబిడ్డ వైద్యం కోరితే దాన్ని షోకు అనగలమా?

ఇక గ్రహణం మొర్రి సంగతి. కడుపుతో ఉన్నప్పుడు తల్లి గ్రహణం చూసిందని నేటికీ మన ఇళ్లలోనే నిందలు వినిపిస్తాయి. తమ కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజు సూర్యగ్రహణం పట్టినప్పుడు, ఎవరి చావు పుట్టుకల కోసమూ గ్రహణాలు పట్టవని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు. అలాంటప్పుడు ముస్లిం ఇంట్లో ఈ నిందకు చోటెక్కడిది? మొర్రి పెదవికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల వయసులో, అంగిలికి ఏడాది అటూ ఇటూగా ఆపరేషన్ చేస్తారు. ఆలస్యమైతే మాట స్పష్టత దెబ్బతింటుంది. ప్రభుత్వ బాలల ఆరోగ్య కార్యక్రమంలోనూ, స్మైల్ ట్రెయిన్ సంస్థ సాయం అందుకునే ఆసుపత్రులలోనూ ఇది ఉచితంగా జరుగుతుంది. తఖ్దీర్ అని ఊరుకోవడం ఆ పసివాడికి అన్యాయం చేయడమే.

సంతకానికి ముందు

ఇలా అవసరం ఉన్నవారూ ఉన్నారు, కేవలం కోరిక ఉన్నవారూ ఉన్నారు. ఎవరైనా సరే, డబ్బు కట్టే ముందు కొన్ని విషయాలు తేల్చుకోవాలి.

మొదటిది, చేసేది ఎవరు? ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. లేదా డి.ఎన్.బి. చదివిన వైద్యుడు వేరు, కొద్ది రోజుల కోర్సు సర్టిఫికెట్ గోడకు తగిలించుకున్నవారు వేరు. జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబరులో జుట్టు నాటడం వంటి చికిత్సల గురించి మార్గదర్శకాలు ఇస్తూ, యూట్యూబులో చూసి నేర్చుకున్నది శిక్షణ కిందికి రాదని చెప్పవలసి వచ్చింది. పరిస్థితి ఎంతదాకా వచ్చిందో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు. డాక్టరు పేరు వైద్య మండలి రిజిస్టరులో ఉందో లేదో చూసుకోవచ్చు. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడే హానికి బాధ్యుడని దైవప్రవక్త (స) చెప్పిన మాట అబూదావూద్‌లో ఉంది.

రెండోది, మత్తు ఇచ్చేది ఎవరు? మత్తు డాక్టరు పక్కన ఉంటారా? ఆక్సిజన్, అత్యవసర మందులు ఉన్నాయా? పరిస్థితి విషమిస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు? చిగుళ్లలో వేసే మత్తు సూదికి కూడా మనిషి బరువునుబట్టి ఒక హద్దు ఉంటుంది. షుగరు, ఆస్తమా, గుండె జబ్బు, వాడుతున్న మందులు, పొగతాగే అలవాటు ఏవీ దాచకూడదు. చెవి కుట్టించుకున్న చోట కండ పెరిగినవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. కోత పడిన ప్రతిచోటా అలాగే పెరగవచ్చు. స్త్రీలు మహిళా డాక్టరును గానీ, గదిలో తోడుగా మరో స్త్రీని గానీ అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

మూడోది, తేలికైన మార్గం ఉందా? పళ్ల మచ్చలు పైపైన ఉంటే మెత్తగా రుద్దడంతోనో, తెల్లబరచడంతోనో తగ్గుతాయి. పైన పల్చని పింగాణీ రేకు అతికించే వెనీర్ల కోసమైతే చాలాసార్లు పంటి పైపొర అరగదీస్తారు. అరిగిన ఆ పొర మళ్లీ పెరగదు. రేకులను కొన్నేళ్లకు మార్చుకోవలసి వస్తుంది.

నాలుగోది, కాగితం. రోగికి వివరం చెప్పి తీసుకున్నదే సమ్మతి అని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో తీర్పు చెప్పింది. ఇంగ్లీషు ఫారం మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టకండి. తెలుగులోనో ఉర్దూలోనో చెప్పమనండి. రసీదులు దాచుకోండి. డబ్బు తీసుకుని చేసిన వైద్యంలో లోపం ఉంటే రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అందం కోసం చేయించుకునే ఆపరేషన్లకు సాధారణంగా ఆరోగ్య బీమా వర్తించదు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే దిద్దుబాటు మాత్రం దీనికి మినహాయింపు. బీమా లేదు గదా అని వడ్డీ వాయిదాల మీద ముఖం బాగు చేయించుకుంటే మిగిలేది అప్పూ, గునాహ్.

మన ఇంటి లోపం

చివరగా పెద్దలతో ఒక మాట. మన పిల్లలు ఎందుకు దాస్తున్నారు? రిష్తా చూడబోయిన ఇంట్లో అమ్మాయి రంగు గురించీ, ముక్కు గురించీ, చాయ్ తాగుతూనే వ్యాఖ్యానాలు చేసి వచ్చేది మనమే కదా. 'పళ్లు అలా ఉన్నాయేమిటి?' అని నలుగురిలో అడిగేదీ మనమే. ఆ మాట గుండెలో గుచ్చుకున్న పిల్లలు వైద్యం కావాలంటే మళ్లీ నవ్వేదీ, ఫత్వా ఇచ్చి నోరు మూయించేదీ మనమే. ముందు తలుపు మనం మూస్తే వాళ్లు వెనక తలుపులోంచి వెళ్తారు. విశ్వాసులు తమ వ్యవహారాలను పరస్పర సంప్రదింపుతో నడుపుకుంటారని దివ్య ఖుర్‌ఆన్ ప్రశంసించింది. మష్వరా అంటే పెద్దలు ఆజ్ఞాపించడం కాదు, పెద్దలు వినడం కూడా.

ఎంత సరిచేసినా తృప్తి లేక, రోజంతా అద్దం ముందే గడిపే పిల్లలు కొందరుంటారు. వాళ్ల బాధ మనసుకు సంబంధించినది. వాళ్లను సర్జను దగ్గరికి కాదు, ముందు మానసిక వైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

మా శిష్యుణ్ణి ఆ సాయంత్రమే వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాం. తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ నీళ్లు తాగించింది నేనే గదా, బేటా" అన్నారు. శనివారం అపాయింట్‌మెంటు మానుకున్నారు. కట్టిన అడ్వాన్సు తిరిగి రాలేదు. తండ్రీ కొడుకులిద్దరూ కలిసి మరో దంత వైద్యుణ్ణి చూశారు. పళ్లు అరగదీయనక్కర్లేదని ఆయన చెప్పారట. మచ్చలు పూర్తిగా పోవనీ, చాలావరకు తగ్గుతాయనీ కూడా ముందే చెప్పారట. ఆ 'పూర్తిగా పోవు' అన్న మాటను ముందే చెప్పే వైద్యుణ్ణి, ఆ మాటను పక్కన కూర్చుని వినే తండ్రిని అల్లాహ్ మన పిల్లలందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.