ఉచిత సీటు ఉచితమేనా?

ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో గుడివాడ, ఉయ్యూరు, అవనిగడ్డ వైపు కొన్ని ఇళ్ళల్లో ఒక వింత సమస్య తలెత్తుతుంది. పిల్లవాడు కబడ్డీలోనో వాలీబాల్‌లోనో రాష్ట్రస్థాయి దాకా ఆడి ఉంటాడు. బెజవాడ నుంచి ఏదో ఒక కాలేజీ "మా జట్టుకి ఆడితే ఫీజు లేదు, హాస్టలూ మాదే" అని కబురు పెడుతుంది. తండ్రి ఫీజు లెక్క చూస్తాడు. తల్లికి చదువు దెబ్బతింటుందేమోనని బెంగ. తాతగారిది ఒకటే ప్రశ్న: "ఆటలు కూడు పెడతాయిట్రా?" ఆడవలసినవాణ్ణి మాత్రం ఎవరూ అడగరు!

తాతగారి ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయటం తగదు. కాలవ నీటిని, కౌలు పొలాన్ని నమ్ముకున్న కుటుంబం మూడేళ్ళ ముందుచూపుతో లెక్కలు వేసుకోక తప్పదు. అలాగని ఆట ఎవరికీ అన్నం పెట్టలేదనటమూ అబద్ధమే. మన కృష్ణా జిల్లా గండిగుంటలో పుట్టిన దండమూడి రాజగోపాలరావుగారు బరువులెత్తి 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో పతకం తెచ్చారు. 1963లో "నర్తనశాల"లో భీముడయ్యారు. బెజవాడలో ఇండోర్ స్టేడియానికి వారి పేరే పెట్టారు. ఈ తరంలో వెన్నం జ్యోతి సురేఖ ఇక్కడే విల్లు పట్టి, 2017లో అర్జున పురస్కారమూ, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలూ అందుకొంది. మనం గమనించవలసింది పతకాల సంఖ్య ఒక్కటే కాదు. ఆమె కె.ఎల్. విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు కూడా పూర్తి చేసింది.

అయితే అందరూ సురేఖలు కాలేరు కదా! అందుకే సీటు ఇస్తామన్న మాటను బహుమానంగా కాక ఒప్పందంగా చూడాలి. అమెరికాలో ఏం జరిగిందో చూడండి. అక్కడి కాలేజీ క్రీడల సంఘం 1973లో నాలుగేళ్ళ స్కాలర్‌షిప్పు హామీని తీసేసి, ఏటేటా పొడిగించే పద్ధతి పెట్టింది. ఆటగాడు గాయపడినా, కోచ్‌కి నచ్చకపోయినా మరుసటి ఏడు సొమ్ము ఆగిపోవచ్చు. ఒకేసారి కొన్నేళ్ళకి హామీ ఇచ్చే వీలు మళ్ళీ 2012లో గానీ రాలేదు. అంత కాగితం, కట్టుబాటు ఉన్నచోటే అలా జరిగితే, ఫిజికల్ డైరెక్టరుగారి నోటిమాట మీద నడిచే మన సీట్ల సంగతి వేరే చెప్పాలా?

కాబట్టి ఇంటిల్లిపాదీ కూచుని కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ఫీజు మాఫీ మొదటి ఏడాదికేనా, కోర్సు అయ్యేదాకానా? రాసి ఇస్తారా? మోకాలు దెబ్బతింటే వైద్యం ఎవరిది? ఆ తర్వాత సీటు ఉంటుందా? అంతర విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్ళినప్పుడు పోయిన ప్రాక్టికల్సు మళ్ళీ పెడతారా? కోరిన గ్రూపు ఇస్తారా, ఖాళీగా ఉన్న గ్రూపులో పడేస్తారా? ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంటుకి ఎటూ అర్హత ఉన్న ఇంటికి ఫీజు మాఫీ వల్ల ఒరిగేది కొద్దే. అలాంటివారు తిండి, బూట్లు, శిక్షణ, వైద్యం సంగతి అడగాలి.

అమ్మాయి విషయంలో ఇంకొకటి ఉంది. సాయంత్రం ప్రాక్టీసయ్యాక హాస్టలుకి ఎలా చేరుతుంది, పోటీలకి తోడు ఎవరు వెళతారు అన్నవి న్యాయమైన ప్రశ్నలే. వాటికి జవాబు చెప్పవలసింది కాలేజీ. అంతేగాని, అమ్మాయిని ఇంట్లో కూచోబెట్టటానికి అవి సాకులు కాకూడదు.

మిత్రులారా, ఈ భారమంతా తల్లిదండ్రుల మీదే వేసి ఊరుకుందామా? కాలేజీకి షీల్డు వస్తే మనమే భుజాల మీద ఊరేగిస్తాం. అదే ఆటగాడు కాలు విరిగి మంచాన పడితే ఎంతమందిమి వెళ్ళి చూస్తాం? క్రీడల సీటు షరతులన్నీ తెలుగులో రాసి తల్లిదండ్రుల చేతికివ్వాలనీ, గాయపడినవాడి చదువు ఆగకూడదనీ, పోయిన పాఠాలకు విడిగా తరగతులు పెట్టాలనీ విద్యార్థి సంఘాలు అడగాలి. లెక్చరర్లు మనసు పెడితే ఇదేమంత కష్టమైన పని కాదు.

పదిమందీ పది రకాలుగా చెప్పాక నిర్ణయం మాత్రం ఆడేవాడి నోటి నుంచే రావాలి. ఎందుకంటే తెల్లవారుజామున నాలుగింటికి లేచి గ్రౌండు చుట్టూ పరిగెత్తేది వాడే. సాయంత్రం కళ్ళు మూతలు పడుతుంటే పుస్తకం ముందు కూచోవలసిందీ వాడే.