పొదుగుకు వచ్చిన పెట్ట

అప్పులు, విత్తనములు, ఎరువులు మొదలగు పెద్ద విషయములుండగా సంఘ పత్రికలో కోడిపెట్టకు చోటేలయని మన సభ్యులలో కొందరు నవ్వవచ్చును. నవ్వనిండు. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో వానలు తప్పి వేరుసెనగ చేతికిరాని యేట, ఉప్పునకును, పిల్లల పుస్తకములకును పైకము నిచ్చునవి ఇల్లాండ్ర చేతిక్రింది నాలుగు కోళ్లేయని మేమెరుగుదుము. ఆ కోళ్లలో నొకటి పొదుగుకు వచ్చినప్పుడు మనము చేయు పని చాలవరకు తప్పుగా నున్నదని మా యభిప్రాయము.

నాటుపెట్ట పది పదునైదు గుడ్లు పెట్టిన పిమ్మట గూడు విడువక కూర్చుండును. ఈకలు విచ్చుకొని, దగ్గరకు పోయిన పొడుచును, మేత తగ్గించును, గుడ్డు మానును. ఇది రోగమును గాదు, మొండితనమును గాదు. గుడ్ల తాకిడిచేతను, రొమ్ముక్రింది వెచ్చదనముచేతను దాని శరీరమున ప్రొలాక్టిన్ అను రసము హెచ్చుటయే యిందులకు కారణము. ఇది తెలియక కొందరు పెట్టను నీళ్లలో ముంచుదురు; ముక్కులో ఈక గ్రుచ్చుదురు; కాలికి త్రాడుగట్టి యెండలో వేయుదురు. ఇవి వట్టి హింసలు. మరికొందరు ఏమియు చేయరు. ఈ రెండవ తప్పే మిక్కిలి నష్టకరము. ఖాళీ గూటిలో నెలదినములు కూర్చుండి, చిక్కి, గోమార్లు పట్టి, అటు గుడ్డును ఇటు పిల్లయు లేని పెట్టలను మేము ప్రతి వీధిలోను చూచుచున్నాము.

కాబట్టి పెట్ట కూర్చుండిన రెండు దినములలోనే దానిని పొదిగింపవలయునా, మాన్పవలయునా యని తేల్చుకొనవలయును. మాన్పవలయునన్నచో, అడుగున గాలియాడునట్లు వెదురుబద్దలతో గూడు కట్టి, నేలకు మూరెడెత్తున నీడలో నుంచి, గడ్డి పరవక, మేతయు నీరును సమృద్ధిగా పెట్టవలయును. రొమ్ము చల్లబడుటచే మూడు నాలుగు దినములలో పొదుగు మానును; తరువాత రెండు మూడు వారములకు మరల గుడ్డు పెట్టును. పొదిగించినచో 21 దినములు గుడ్లమీదను, మరి రెండు నెలలు పిల్లలతోను గడచును. ఏటికి సుమారు అరువది గుడ్లు పెట్టు నాటుపెట్టకు ఈ మూడు నెలలు చిన్న లెక్క కాదు.

పొదిగించుటకు కాలము ముఖ్యము. వేసవిలో ధర్మవరమున ఎండ 40 డిగ్రీల దాకా పోవును. 27 డిగ్రీలకు మించిన వేడిమిలో నిలువయున్న గుడ్డులో పెట్ట కూర్చుండకయే పిండము కొంత పెరిగి చచ్చును. అట్టి గుడ్లు మురిగిపోగా మనవారు పెట్టను తిట్టుదురు. కార్తికము మొదలు మాఘము వరకు మంచికాలము. ఎత్తుననున్న హిందూపురము వారు ఫాల్గునమున గూడ కూర్చుండబెట్టవచ్చును. గుడ్లు వారము మించని నిలువయై, తడి యిసుకపై నుంచిన మట్టికుండలో నుండినవి కావలయును. పెట్టకు పది, పన్నెండు గుడ్లు చాలును. గంపలో ఇనుపముక్కయు బొగ్గును వేయు ఆచారమును మేము ఖండింపము. దానివలన హాని లేదు.

ఇంతవరకు చెప్పినది ఏ యింటివారైనను ఒంటరిగా చేసికొనదగినది. ఒంటరిగా చేయరానిది కొక్కెర తెగులు టీకా. పిల్లలకు అయిదవనాటినుండి ఏడవనాటిలోపల కంటిలోనో ముక్కులోనో ఒక్క చుక్క వేయవలసిన ఈ మందు, సాధారణముగా నూరుపిల్లలకో అంతకు మించియో సరిపడు సీసాలలో వచ్చును. కలిపిన తరువాత మంచుగడ్డపై నుంచి ఒకటి రెండు గంటలలో వాడవలయును; మిగిలినది పారబోయవలసినదే. ఎనిమిది పిల్లలున్న ఇల్లాలు నూరు పిల్లల మందు కొనునా? కొనదు. అందువలననే కొక్కెర వచ్చినప్పుడు వీధి వీధియంతయు గంపలు ఖాళీయగుచున్నవి. ఒకయేడు మా యింటి పదునొకండు పిల్లలును మూడు దినములలో పోయినవి. తల్లిపెట్ట మరునాడు పోయినది.

దీనికి మాకు తోచిన యుపాయము, పల్లెలోని పెట్టలను ఒక్కనాటి రాత్రియే కూర్చుండబెట్టుట. ముందుగా పొదుగుకు వచ్చినదానిని నాలుగైదు దినములు మట్టిగుడ్లపై నిలుపవచ్చును. పన్నెండు పెట్టలకు పదేసి చొప్పున నూటయిరువది గుడ్లు. అందు మూడువంతులు పిల్లలైనను తొంబది. ఒక సీసా మందు దాదాపు వృథా కాదు, ఖర్చు పన్నెండిండ్లకు పంచబడును. మరియొక లాభము గలదు. ఏడవనాటి రాత్రి చీకటిలో గుడ్లను టార్చిలైటు వెలుగున చూచి, నెత్తుటి నరములు కానరాని తేటగుడ్లను తీసివేసినచో, మూడు పెట్టల క్రింది గుడ్లు తరచుగా రెంటికి సరిపోవును. మూడవదానిని మాన్పి గుడ్లకు త్రిప్పవచ్చును. హైదరాబాదు కోళ్ల పరిశోధనాలయమువారి వనరాజ జాతిపెట్టలకు పొదుగుగుణము దాదాపు లేదు; వాని గుడ్లను గూడ మన నాటుపెట్టల క్రిందనే పెట్టవలసియున్నది.

ఇందులకు అడ్డము దృష్టిదోష భయమును, తగవులును. తన పెట్టను పొరుగింటి గుడ్లపై కూర్చుండబెట్టుటకు మనవారు వెనుదీయుదురు. పెనుకొండ కొండపాదపు పల్లెలవారికి ముంగిసభయ మొకటి. వారు గంపలను ఒక్క కొట్టములో చేర్చి తలుపు వేసికొనుట మేలు. తగవులకు మాత్రము మన పూర్వపు పాలిపద్ధతియే చాలును. పెట్ట యొకరిది, గుడ్లు మరియొకరివి యైనచో, బ్రదికిన పిల్లలలో నాలుగవవంతు పెట్టగలవారికి చెందునని ముందుగానే సంఘపుస్తకమున వ్రాసికొనవలయును. లెక్క పిల్లలు పుట్టినప్పుడు గాక, రెండవ టీకాకు వచ్చు ఎనిమిదవ వారమున తేల్చుట న్యాయము; అంతవరకు గ్రద్ద తీసికొనినది ఇరువురికిని నష్టమే.

పొదుగుకు వచ్చిన పెట్టలు గల సభ్యులు, ముఖ్యముగా స్త్రీలు, కార్తిక పౌర్ణమిలోగా తమ సంఘ కార్యదర్శికి పేర్లిచ్చినచో, కూర్చుండబెట్టు నాటిని నిర్ణయించి, పశువైద్యునితో మందు విషయము ముందుగా మాటలాడవచ్చును. మంచుగడ్డకు ఎవరు పోవుదురో గూడ ఆనాడే తేల్చుకొనవలయును.