ఆటలో అరటిపండు

తమ బిడ్డకు నలుగురితో కలిసిమెలిసి మెలగే నేర్పు అలవడాలని కోరని తల్లిదండ్రులుండరు. అయితే ఆ నేర్పును వారు తరచు పరీక్షించేది పెద్దల సమక్షంలోనే. అతిథి గుమ్మంలో అడుగు పెట్టగానే, "మామయ్యకు నమస్కారం పెట్టు, పద్యం చెప్పు" అంటూ పసివాణ్ణి ముందుకు నెడతారు. వాడు తల్లి కొంగు చాటున దాగితే ఆమె చిన్నబోతుంది. మర్యాద నేర్పడం మంచిదే. కాని పెద్దలు పిల్లల పొరపాట్లను నవ్వి సరిపెట్టుకుంటారు. ఈడు పిల్లలు సరిపెట్టుకోరు. అసలు పరీక్ష జరిగేది వాకిట్లో, ఆట సాగేచోట.

అక్కడ ఒక మూలన నిలబడి ఇతరుల ఆట చూస్తూండే బిడ్డను చూసి పెద్దలు కంగారు పడతారు. 1932లో అమెరికన్ పరిశోధకురాలు మిల్‌డ్రెడ్ పార్టెన్ రెండు నుంచి ఐదేళ్ళలోపు పిల్లల ఆటతీరును వర్గీకరించినప్పుడు, ఈ 'చూడటానికి' కూడా ఒక స్థానమిచ్చారు. ఒంటరిగా ఆడుకోవడం, పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వారు ఆడుకోవడం, వస్తువులు ఇచ్చిపుచ్చుకోవడం, చివరకు పాత్రలు పంచుకుని అందరూ ఒకే ఆట ఆడటం: వయసుతోబాటు మొగ్గు ఈ చివరివాటివైపు పెరుగుతుంది. రెండేళ్ళవాడు బొమ్మ పంచుకోలేదని స్వార్థపరుడనడం, పళ్ళు రాని పసికందు చెరకు నమలలేదని కోప్పడటం వంటిదే. పిలిచినా పలకకపోవడం, ఇంట్లోవారితో సైతం కలవకపోవడం వేరు సంగతి. అప్పుడు పిల్లల వైద్యుణ్ణి సంప్రదించాలి.

చూసే బిడ్డ ఆటలోకి ప్రవేశించేదెలా? రెండు, మూడు తరగతుల పిల్లలను పరిశీలించి పుటాల్లజ్, గాట్‌మన్ అనే పరిశోధకులు 1981లో వెల్లడించిన విషయం ఆసక్తికరమైనది. తోటివారికి అంతగా నచ్చని పిల్లలు జరుగుతున్న ఆటను తమవైపు తిప్పుకోజూస్తారు. ప్రశ్నలతో ఆపుతారు, తమ గొప్ప చెబుతారు. నచ్చే పిల్లలు సాగుతున్న ఆటలోనే ఒదిగిపోతారు. "నన్నూ ఆడించుకోండి" అని బతిమాలితే "పో" అనడం చాలా తేలిక. అదే వాళ్ళు దుకాణం ఆట ఆడుతూంటే, రెండు ఆకులు పట్టుకెళ్ళి "ఉప్పెంత?" అని అడిగిన బిడ్డను ఎవరు పొమ్మంటారు? తల్లి చెవిలో చెప్పవలసింది ఆ ఒక్కమాటే. చెప్పి, పక్కకు తప్పుకోవాలి.

ఈ సమస్యకు మన వీధులు ఏనాడో ఒక ఉపాయం కనిపెట్టాయి. మరీ చిన్న బిడ్డను 'ఆటలో అరటిపండు' అంటారు. అరటిపండు పరుగెత్తవచ్చు, దాక్కోవచ్చు, కేరింతలు కొట్టవచ్చు. దొరికినా దొంగ కానక్కరలేదు. హిందీ పిల్లలు ఆ బిడ్డనే 'కచ్చా నీంబూ' అంటారు, మరాఠీలో 'లింబూ టింబూ', బెంగాలీలో 'దుధ్‌భాత్', అంటే పాలన్నం. ఈ భాషలన్నిటా తినే వస్తువే ఎందుకయిందో భాషావేత్తలే చెప్పాలి! ఓడిపోతానన్న భయం లేకుండా ఆట నియమాలను లోపలి నుంచి నేర్చుకునే అవకాశం చిన్నవారికి. బలహీనునికి చోటివ్వడమనే శిక్షణ పెద్ద పిల్లలకు. నిజానికి ఈ రెండవదే మరింత విలువైనది.

దీనికి భిన్న వయస్కులు ఒకచోట చేరాలి. నర్సరీ తరగతిలో అందరూ మూడేళ్ళవారే. ఎవరు ఎవరిని అరటిపండు చేస్తారు? బడి వదిలాక ట్యూషను, ఆ తర్వాత ఫోను. అందుచేత సాయంత్రం ఓ గంట పెద్దపిల్లలుండేచోటికి తీసుకెళ్ళడం తల్లిదండ్రుల బాధ్యత అయింది. "వీణ్ణీ చేర్చుకోండి" అని ఆజ్ఞాపిస్తే మాత్రం వాడు వారికి బరువవుతాడు. "అంకెలు లెక్కపెట్టడానికి వీడు పనికొస్తాడేమో" అంటే వారే ఆలోచించుకుంటారు.

కొన్ని నెలలకు ఆ అరటిపండే అలుగుతుంది: "నన్నూ దొంగను చెయ్యండి!" కోరిక తీరిన మొదటి రోజున ఎవరూ దొరక్క ఏడుపు ముంచుకొస్తుంది. బాల్కనీలోని తల్లికి మెట్లు దిగకుండా ఉండటం కష్టమే. ఒకటి రెండు నిమిషాలు ఓర్చుకుంటే, దాక్కున్నవారిలో ఎవరో ఒకరు బయటికొచ్చి "మళ్ళీ పంటలు వేద్దాం, రా" అనడం తరచు జరిగేదే.