మాధ్యమిక పాఠశాలల్లో దూరవిద్యపై షానన్ తెలుగు ఉపాధ్యాయుల తీర్మానం

షానన్ పట్టణంలోనూ, క్లేర్ కౌంటీలోని చుట్టుపక్కల ఊళ్లలోనూ మాధ్యమిక పాఠశాలల్లో బోధిస్తున్న తెలుగు ఉపాధ్యాయులం సమావేశమై, దూరవిద్యపై కూలంకషంగా చర్చించి, ఈ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించాం.

కోవిడ్ కారణంగా 2020 మార్చి 12న ఐర్లండ్ అంతటా బడులు మూతబడ్డాయి. మాధ్యమిక విద్య చివర రాసే లీవింగ్ సర్టిఫికెట్ రాతపరీక్షలు ఆ వేసవిలో జరగలేదు. ఉపాధ్యాయుల అంచనాల ఆధారంగా గ్రేడ్లు ఇచ్చారు. 2021లో క్రిస్మస్ సెలవులు ముగిసినా తరగతులు తెరుచుకోలేదు. చివరి ఏడాది విద్యార్థులు మార్చి 1న వచ్చారు. మాధ్యమిక స్థాయిలోని కింది తరగతుల వాళ్లు ఏప్రిల్ 12 దాకా ఇళ్లలోనే ఉండిపోయారు. మన తెలంగాణలోనూ 2020 సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్లే తరగతి గదులయ్యాయి. ఆ కష్టకాలంలో చదువు పూర్తిగా ఆగిపోకుండా కాపాడింది దూరవిద్యేనని ఈ సమావేశం మనస్ఫూర్తిగా గుర్తిస్తోంది.

అయితే పాఠం అందినంత మాత్రాన చదువు అబ్బదు. రసాయనశాస్త్రంలో టైట్రేషన్ సంగతే తీసుకుందాం. బ్యూరెట్ కొళాయిని వేళ్లతో మెల్లగా తిప్పుతూ, ఫ్లాస్కులో రంగు మారే ఆ ఒక్క చుక్క దగ్గర చెయ్యి ఆపడం వీడియో చూస్తే రాదు. నాలుగుసార్లు చుక్క దాటిపోయాకే వస్తుంది. కెమెరా ఆపేసుకున్న పిల్లవాడికి పాఠం అర్థమైందా, నిద్రపోయాడా, అన్నదమ్ములిద్దరూ ఒకే ల్యాప్‌టాప్‌ను వంతులవారీగా వాడుకుంటున్నారా అన్నది ఉపాధ్యాయుడికి తెలిసే దారే లేదు. ఇంట్లో విడిగా గది లేని పిల్లల్ని కెమెరా పెట్టమని ఒత్తిడి చేయడం అన్యాయమని కూడా మేము భావిస్తున్నాం.

1966లో ఐర్లండ్‌లోనే తొలి కాంప్రెహెన్సివ్ పాఠశాలల్లో ఒకటి షానన్‌లో మొదలైంది. పుస్తకాల చదువునూ చేతిపని చదువునూ ఒకే కప్పు కిందికి తేవడం దాని ఆశయం. చెక్కపని, లోహపు పని, ప్రయోగశాల ఉన్న ఆ చదువును తెర మీదికి కుదించడానికి ఈ సమావేశం ఒప్పుకోదు.

కాబట్టి ఈ సమావేశం తీర్మానించేదేమంటే: దూరవిద్య తరగతి గదికి తోడుగా మాత్రమే ఉండాలి. ఉపాధ్యాయుల కొరతను కప్పిపుచ్చడానికి దాన్ని వాడుకోరాదు. దీర్ఘకాలం జబ్బుపడిన పిల్లలకు, ఉన్న బడిలో తమకు కావలసిన సబ్జెక్టు దొరకని వాళ్లకు అది హక్కుగా అందాలి. రికార్డు చేసిన పాఠాన్ని బోధించిన వారి రాతపూర్వక అనుమతి లేకుండా మరో ఏడాది వాడకూడదు. ఆన్‌లైన్ పాఠం తయారీకి పట్టే సమయాన్ని కూడా పనిగంటల్లో లెక్కించాలి.

2025 జనవరి 24న ఇయోవిన్ తుఫాను వచ్చినప్పుడు దేశంలో ఏడు లక్షలకు పైగా ఇళ్లకు, కార్యాలయాలకు కరెంటు పోయింది. అలాంటి రోజుల్లో ఆన్‌లైన్ పాఠం ఊసే ఉండదు. అందుకే ప్రతి విద్యార్థి చేతిలో అచ్చువేసిన అభ్యాసపత్రాలు ముందుగానే ఉండేలా పాఠశాలల యాజమాన్య బోర్డులు చూడాలని కోరుతున్నాం. ఇంట్లో కంప్యూటరు లేని పిల్లలకు బడే అరువిచ్చే ఏర్పాటును శాశ్వతం చేయాలి.

ఈ తీర్మానం ప్రతులను విద్యాశాఖకు, ఉపాధ్యాయ సంఘాలైన ఏఎస్‌టీఐ, టీయూఐలకు, షానన్ పాఠశాలల యాజమాన్య బోర్డులకు పంపాలని సమావేశం నిర్ణయించింది. తల్లిదండ్రులు కూడా తమ పిల్లల అనుభవాలను రాసి బడికి అందజేయాలని విజ్ఞప్తి చేస్తున్నాం.